దస్తావేజొకరిది, వోటొకరిది

ఇంటిగుట్టు వీథిలో పెట్టుట మర్యాద గాదని పెద్దలందురు. కాని మేమిప్పుడు చెప్పబోవునది యొక యింటి గుట్టు కాదు. ఒకే కప్పుక్రింద నున్న 48 ఇండ్ల గుట్టు. హైదరాబాదు నగరమున నొక పేటలో అయిదంతస్తుల భవనమున మేము కాపురముండబట్టి పండ్రెండేండ్లు దాటినది. నడుమ రెండేండ్లు ఆ భవనమందలి ఫ్లాటు యజమానుల సంఘమునకు కార్యదర్శిగా నుంటిమి. ఆ కాలమున మా చేతిమీదుగా జరిగిన యొక తప్పును, దానిని దిద్దుకొనబోయి కనుగొనిన మరియొక తప్పును చదువరులకు విన్నవించెదము. అపార్టుమెంటులలో కాపురముండు కుటుంబములు నేడు ప్రతి పట్టణమునను గలవు గనుక, తమ బీరువాలోని దస్తావేజును ఒక్కసారి తీసి చూచుకొనుటకైన నీ వ్రాత పనికివచ్చునని మా యాశ.

మన తాతలనాడు ఇల్లనగా నేలయు, గోడలును, కప్పును, పెరటి నూయియు నన్నియు నొక్కరివే. నూయి పూడినచో నింటివారే పూడిక తీయించుకొనిరి. గోడ బీటవారినచో నింటివారే మెత్తించుకొనిరి. అపార్టుమెంటున నట్లు కాదు. మా నేల క్రిందివారి కప్పు. మా కప్పు పైవారి నేల. మెట్లు, లిఫ్టు, నీళ్ల సంపు, మేడమీది ట్యాంకు, భవనము నిలిచిన స్థలము, ఇవి యందరివి. ఏ యొక్కరివియు గావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1987లో వచ్చిన అపార్టుమెంటుల చట్టము ఈ సంగతినే చెప్పుచున్నది: ఫ్లాటుపై యజమానికి పూర్తి స్వామ్యము, ఉమ్మడి భాగములలో విభజింపరాని వాటా. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట నా చట్టము రెండుచోట్లను నిలిచినది. ఉమ్మడి భాగములను కనిపెట్టి యుండుటకు యజమానుల సంఘము కావలెను. దానిని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టముక్రిందనో, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టముక్రిందనో నమోదు చేయింతురు. 2001కి పూర్వము తెలంగాణమున 1350 ఫసలీ నాటి నిజాము చట్టమును, ఆంధ్ర జిల్లాలలో 1860 నాటి ఆంగ్లేయుల చట్టమును నడచుచుండెను.

సంఘమనగానే వినాయకచవితికి పందిరి వేయించి, సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టు కమిటీ యని చాలమంది తలంపు. మా తలంపును నదియే. కాని యా కమిటీ నెలకు లక్షకు పైబడి సొమ్ము వసూలు చేయును, వాచ్‌మన్‌ను, ఊడ్చువారిని పనిలో పెట్టుకొనును, లిఫ్టు కంపెనీతో ఒడంబడిక వ్రాసికొనును, దావా వేయును, దావాలో ప్రతివాదిగా నిలుచును. ఇంత పెత్తనము గలదని తెలిసి యా కుర్చీలో కూర్చుండువా రరుదు. ఎన్నికనాడు ఎవ్వరును ముందునకు రాకపోగా, "రిటైరయినారు, తీరిక గలవారు" అని మమ్ము కూర్చుండబెట్టిరి. మొగమాటమునకు ఒప్పుకొంటిమి. నిబంధనావళి ప్రతి యెక్కడనున్నదని యడుగగా, పాత కార్యదర్శిగారి యింట అటకమీద దొరకినది. దుమ్ము దులిపి మా బల్లసొరుగున పెట్టుకొంటిమి. చదివితిమా? చదువలేదు.

ఇట్టి సంఘముల నెత్తిన నున్న చట్టములు కొన్ని కావు. సొమ్ము లెక్కకు వస్తు సేవల పన్ను వచ్చినది. సభ్యునికి నెలకు 5,000 రూపాయలవరకు నున్న మినహాయింపును 2018 జనవరిలో 7,500కు పెంచిరి. స్తంభములనడుమ కార్లు నిలుపు స్థలమును నిర్మాణదారు విడిగా అమ్ముకొనరాదని, మహారాష్ట్రపు చట్టముపై వచ్చిన యొక వ్యాజ్యమున 2010లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పును ప్రతి సమావేశమునను ఎవరో యొకరు తలచుచునే యుందురు, కార్ల స్థలముపై కొట్లాట మాత్రము మానరు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, రెరా యనునది, స్వాధీనమిచ్చిన నాటినుండి అయిదేండ్లలోపల బయటపడిన కట్టడపు లోపములను నిర్మాణదారే తన ఖర్చుతో సరిచేయవలెనని విధించినది. ఇవన్నియు మేము మెల్లగా నేర్చుకొంటిమి. మాకు దెబ్బ తగిలినది వీనివలన కాదు. అన్నింటికంటె చిన్నదిగా గన్పట్టిన యొక కుళాయివలన.

మూడవ అంతస్తులో నొక ఫ్లాటువారు పదునొకండు నెలలుగా నిర్వహణ రుసుము చెల్లింపలేదు. నెలకు 2,500 చొప్పున 27,500 రూపాయలు. మూడు నోటీసులు పంపితిమి, జవాబు లేదు. ఇంటాయన ఊళ్లో ఉండరనియు, ఫోను తీయరనియు వాచ్‌మన్ చెప్పెను. సర్వసభ్య సమావేశమున నీ ప్రస్తావన రాగానే సభ వేడెక్కినది. "మేము కట్టుచుండగా వారికి ఉత్తపుణ్యానికి నీళ్లా?" అని యొకరు, "నీళ్లాపి చూడండి, మరునాడే డబ్బు నడిచి వస్తుంది" అని మరియొకరు. చేతులెత్తిరి. ఏకగ్రీవము. తీర్మానము వ్రాసి సంతకము చేసినది మేమే. ప్లంబరు వచ్చి, పైట్యాంకునుండి యా యింటికి దిగు గొట్టపు వాల్వు బిగించి పోయెను.

తీర్మానమనునది విచిత్రమైన వస్తువు. ఒక్కడు చేయుటకు జంకు పనిని ముప్పదిమంది చేతులెత్తి చేసినచో, నెవ్వరును చేయనట్లే తోచును. ఆ రాత్రి మాకు చక్కగా నిద్రపట్టినదని చెప్పుటకు సిగ్గగుచున్నది.

మూడవనాటి యుదయము ఆ యింటావిడ మా గుమ్మములోనికి వచ్చెను. చేత నొక ప్లాస్టిక్ సంచి. ఆమె కేకలు వేయలేదు.

"అన్నయ్యగారూ, రెండు రోజులుగా పక్కింటినుంచి బిందెలతో నీళ్లు తెచ్చుకుంటున్నాను. ఎందుకు ఆపించారు?"

"మూడు నోటీసులు పంపామమ్మా. జవాబు రాలేదు. పదకొండు నెలల బాకీ ఉంది."

"ఎవరి పేరు మీద పంపారు?"

భర్త పేరు చెప్పితిమి. ఆమె సంచిలోనుండి రిజిస్టరు దస్తావేజును తీసి మా బల్లమీద పెట్టెను.

"ఇల్లు ఆయనది కాదండీ, నాది. మా నాన్న పొలం అమ్మి ఇచ్చిన డబ్బుతో కొన్నది. ఆయన ఏడాదిగా ఇక్కడ ఉండడం లేదు. రుసుము ఆయనే కడుతున్నారని అనుకున్నాను. మీ నోటీసులు ఆయన పేరు మీద ఉంటే వాచ్‌మన్ ఆయన ఆఫీసుకు పంపించేవాడట. నాకు ఒక్కటీ చేరలేదు. పోనీ, మీ మీటింగుకు నన్ను ఎప్పుడైనా పిలిచారా?"

పిలువలేదు. సంఘము పుట్టిననాటినుండి యొక్కసారియు పిలువలేదు. పిలువవలెనని మాకు తోచనైన లేదు. వాల్వు ఆ పూటనే తెరిపించి, సాయంకాలము మాకు పరిచయమున్న యొక న్యాయవాదియొద్దకు పోయితిమి.

ఆయన మమ్ము ఓదార్చలేదు. "నీళ్లాపడానికి మీ నిబంధనావళిలో అధికారం ఉందా?" అనెను. సొరుగులోని ప్రతిని అప్పుడు చదివితిమి. బాకీపై వడ్డీ వేయవచ్చును, దావా వేయవచ్చును అని యున్నది. నీళ్ల మాట లేదు. ఉన్నను అది చెల్లునా యనునది వేరు ప్రశ్న యని యాయన చెప్పెను. బొకారో నదీజలముల కాలుష్యమును గూర్చిన యొక వ్యాజ్యమున 1991లో సుప్రీముకోర్టు, నిర్మలమైన నీరు రాజ్యాంగము 21వ అధికరణమునందలి జీవించు హక్కులో భాగమని పలికియున్నది. అది అపార్టుమెంటు సంఘముపై వేసిన వ్యాజ్యము కాదు, నిజమే. అయినను ఇరుగుపొరుగు బాకీకి త్రాగునీటిని జామీను పట్టినవారిని ఏ న్యాయాధిపతి మెచ్చుకొనును? బాకీ రాబట్టుకొనుటకు సివిలు కోర్టు కలదు. దానికి 1963 నాటి కాలపరిమితి చట్టము మూడేండ్ల గడువిచ్చినది. పదునొకండు నెలలకే ప్లంబరును పిలువవలసిన తొందర యేమి?

పిమ్మట నాయన రెండవ ప్రశ్న వేసెను. "మీ సభలో చేతులెత్తినవారిలో సభ్యులెందరు?" మాకు ప్రశ్న బోధపడలేదు. "సభ్యుడంటే ఫ్లాటు యజమాని. యజమాని అంటే దస్తావేజులో పేరున్నవారు. వారి పేర్లతో మీ పుస్తకం ఎప్పుడైనా సరిచూశారా?"

పదిదినములు ఇల్లిల్లు తిరిగి నకళ్లు తెచ్చి సరిచూచితిమి. సంఘపు సభ్యుల పుస్తకమున 48 పేర్లలో 46 పురుషులవి. ఇద్దరు స్త్రీలు, ఇద్దరును భర్తలను పోగొట్టుకొన్నవారు. దస్తావేజులలో నన్ననో, 17 ఫ్లాటులు స్త్రీల పేర మాత్రమే యున్నవి; మరి తొమ్మిది దంపతులిరువురి పేరను గలవు. అనగా బ్రతికియున్న భర్త గల స్త్రీకి, ఆమె యిల్లు ఆమెదే యైనను, మా పుస్తకమున చోటు లేదు. వైధవ్యము వచ్చినగాని ఆమె పేరు అందులోని కెక్కలేదు. ఆ పుస్తకము వ్రాసినవారు స్త్రీద్వేషులు కారు. ఉత్తములు. గుమ్మముమీది పలకను జూచి పేర్లు వ్రాసికొని పోయిరి, అంతే.

అందరి దస్తావేజులును చూచిన పిమ్మట మా యింటి బీరువా తెరచితిమి. ముందు తెరవవలసినది. ఇల్లు కొన్ననాడు, స్త్రీ పేర నైనచో ఋణముపై వడ్డీ కొంత తగ్గునని బ్యాంకువారు చెప్పగా, మా గృహిణి పేరనే వ్రాయించితిమి. పండ్రెండేండ్లలో ఆ సంగతి మరచియే పోతిమి. సభ్యత్వమే లేని మేము కార్యదర్శిగా కూర్చుండి, నిజముగా సభ్యురాలైన యొక స్త్రీ యింటికి నీళ్లాపించుచు సంతకము చేసితిమన్నమాట.

ఆ మాట మా గృహిణితో చెప్పితిమి. ఆమె బియ్యములో రాళ్లేరుకొనుచు తల యెత్తకుండనే యనెను: "మీరు మరచిపోయారు గాని నేను మరవలేదు. ఏటేటా ఆస్తిపన్ను రసీదు నా పేరు మీదే వస్తోంది గదా. మీరు మీటింగుకు వెళ్తూ 'తలుపు వేసుకో' అని చెప్పి వెళ్లేవారు. వేసుకునేదాన్ని."

స్త్రీకి ఆస్తి కల్పించుటలో మన తెలుగు నేల వెనుకబడినది కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీచేత నున్న యాస్తికి ఆమెనే సంపూర్ణ స్వామినిగా జేసెను. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమముగా కూతురికి వాటా నిచ్చు సవరణను నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము 1985 సెప్టెంబరు 5 నుండి అమలగునట్లు చేసెను. దేశమంతటికి అట్టిది వచ్చుటకు 2005 వరకు పట్టినది. ఇంత జరిగియు, పేరు కాగితముమీది కెక్కినదిగాని పెత్తనము దానివెంట నడువలేదు. 1992 నాటి 73, 74 రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు కేటాయించినవి. సర్పంచి కుర్చీలో భార్య పేరు, దానిపై భర్త శరీరము అని మనము పల్లెవారిని ఎగతాళి చేయుదుము. నగరమున, లిఫ్టుగల భవనమున, పట్టభద్రులమై యుండి మేము చేసినదియు నంతకంటె వేరు కాదు. పల్లెలోనైన నామెను నామినేషను దాఖలు చేయుటకు పిలుతురు.

ఈ సంగతి సభలో పెట్టగా పెద్ద దుమారము లేచినది. "డబ్బు పెట్టింది నేను, పేరు మాత్రం ఆమెది" అని కొందరు. న్యాయవాది మాకు దీనికి సమాధానము ముందే చెప్పియుండెను. 1988 నాటి బేనామీ చట్టమే, భార్య పేర కొన్నది ఆమె మేలుకొరకే కొన్నట్లు, వేరుగా రుజువైనగాని, భావింపవలెనని చెప్పినది. 2016 సవరణ పిమ్మట, తెలిసిన ఆదాయముతో భార్య పేర కొన్నది బేనామీయే కాదు. అయినను తనదేనని యొక భర్త వాదింపదలచినచో కోర్టుకు పోవచ్చును. ఆ తగవు తేల్చునది న్యాయస్థానముగాని సంఘపు పుస్తకము కాదు. పుస్తకము దస్తావేజును జూచి వ్రాయవలసినదే.

"ఆడవాళ్లంతా మీటింగులో కూర్చుంటే వంటెవరు చేస్తారు?" అని యొకాయన హాస్యమాడెను. నవ్వినవారు నవ్విరి. కాని మాకందులో నొక నిజము కనబడినది. సభ నెప్పుడును ఆదివారము పగలు పదింటికి పెట్టుచుంటిమి. పదింటికి మధ్యతరగతి యింట స్త్రీ యెక్కడనుండునో వేరుగా చెప్పవలెనా? దానిని సాయంకాలము నాలుగింటికి మార్చితిమి. తరువాత జరిగిన మార్పులలో సగము ఈ గడియారపు ముల్లు చేసినదే.

అయితే సభవారు మా వాదమునకు లోబడిరని చెప్పినచో నది యబద్ధము. క్రిందటి యెన్నికలో ఓడిపోయిన యొక పెద్దమనిషి ఈ రచ్చ విని, 2001 చట్టము 23వ సెక్షను ప్రకారము జిల్లా కోర్టుకు పోయెదనని బయలుదేరెను. కార్యవర్గపు తగవులను మధ్యవర్తిత్వమునకైనను జిల్లా కోర్టుకైనను తీసికొనిపోవుటకు ఆ సెక్షను దారి యిచ్చుచున్నది. ఆయన పోయినచో మా యెన్నికలు, తీర్మానములు, లిఫ్టు ఒడంబడిక, అన్నియు ప్రశ్నలో పడును. ఆయనకు స్త్రీల హక్కులపై నెట్టి మక్కువయు లేదు. ఆయన ఫ్లాటును భార్య పేరనే యున్నది! న్యాయబుద్ధి చేయలేని పనిని కోర్టు భయము చేసినది. మేము రాజీనామా ఇచ్చితిమి. పుస్తకము తిరుగవ్రాసి, 48 ఫ్లాటుల యజమానులకు వారివారి పేర్లతో, నిబంధనావళిలోని గడువు ప్రకారము నోటీసులు పంపి సభ పిలిపించితిమి. మా నిబంధనావళి వ్రాతపూర్వకమైన అధికారపత్రమును అనుమతించుచున్నది గనుక, పదునేడుగురిలో ఆరుగురు తమ భర్తలకు పత్రములు వ్రాసి యిచ్చిరి. అందులో నాలుగు ఒకే చేతివ్రాతలో నుండెను. సంతకములు మాత్రము వారివే. కాదనుటకు మాకు హక్కు లేదు.

ఆ సభలో మేము వెనుకవరుసలో సభ్యత్వము లేని శ్రోతగా కూర్చుంటిమి. మా గృహిణి ముందువరుసలో కూర్చుండెను. మొదటి విషయము సెప్టిక్ ట్యాంకు. రెండు అంచనాలు వచ్చియున్నవి: మనిషి దిగి బకెట్లతో తోడుటకు 6,000, యంత్రపు లారీతో పీల్పించుటకు 15,000. ఇంతకుముందు రెండుసార్లు చౌకదానికే సంతకము చేసియుంటిమి. అధ్యక్షుడు అంచనాలు చదివి, "ఆరువేలదానికి ఒప్పుకునేవారు చేతులెత్తండి" అనెను. చేతులు లేచుచుండగా, ప్రభుత్వ వైద్యశాలలో నర్సుగా పనిచేసి విరమించిన యొక పెద్దావిడ లేచి నిలువబడి, "లోపలికి దిగేది ఎవరండీ?" అని యడిగెను. ఆ ప్రశ్న మేము రెండేండ్లలో నొక్కసారియు వేసికొని యెరుగము. స్త్రీలందరు దయాళువులనియు, పురుషులందరు కఠినులనియు మేము వ్రాయబోము. అప్పటికే లేచిన చేతులలో గాజుల చేతులును గలవు.

పాత కాగితములు మాయొద్ద నుండుటచేత మాటలాడుటకు సెలవడిగితిమి. 2013 నాటి చట్టము, రక్షణసామగ్రి లేకుండ మనిషిని మురుగుకాలువలోనికి గాని సెప్టిక్ ట్యాంకులోనికి గాని దింపి శుభ్రము చేయించుటను నిషేధించినది. ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని యెవ్వరును చేయింపరాదు. కాంట్రాక్టరుకు అప్పజెప్పితిమని సంఘము తప్పించుకొన వీలులేదు. మొదటి తప్పునకే రెండేండ్లవరకు కారాగారమో, రెండు లక్షలవరకు జుర్మానాయో, రెండునో. 1993 నుండి ఈ పనిలో ప్రాణములు పోగొట్టుకొన్నవారి కుటుంబములకు 10 లక్షల చొప్పున ఇయ్యవలెనని సుప్రీముకోర్టు 2014లో నాజ్ఞాపించి, 2023 అక్టోబరులో ఆ పరిహారమును 30 లక్షలకు పెంచినది. ఇంత చెప్పి, ఇది వోటుకు పెట్టదగిన విషయమే కాదంటిమి. ఏకగ్రీవముగా ఒప్పుకొన్నను ఆరువేల పని నేరమే. మునుపు రెండుసార్లు ఆ గోతిలోనికి దిగిన మనిషి బ్రతికి పైకి వచ్చినాడు. అది మా పుణ్యము కాదు. అతని పేరేమో మా రసీదులలో లేదు. "కూలి" అని మాత్రమున్నది.

పదునైదువేలు మంజూరైనవి. ఇద్దరు కోపించి లేచిపోయిరి.

క్రొత్త కార్యదర్శి రెండవ అంతస్తులోని యొక బ్యాంకు ఉద్యోగిని. మూడవ అంతస్తు ఆవిడ బాకీని, నోటీసులు ఆమెకు చేరలేదు గనుక వడ్డీ లేకుండ, నాలుగు వాయిదాలలో కట్టుటకు సభ ఒప్పుకొనెను. మొదటి వాయిదా ఆమె తెచ్చిననాడు లెక్కలప్పగించుచు మేమక్కడనే యుంటిమి. రసీదు పుస్తకమున "శ్రీ" యని అచ్చుపడి, తరువాత ఖాళీ చుక్కలున్నవి. మేమలవాటుచొప్పున "శ్రీ" ప్రక్కన "మతి" చేర్చి, పేరు వ్రాయబోతిమి. ఆమె కాగితమువంక చూచి, "ప్రతి నెలా ఇలా కలిపి రాస్తారా?" అనెను. కార్యదర్శిని, క్రొత్త పుస్తకములు అచ్చువేయింతమనెను. కోశాధికారి, వానికి 900 రూపాయలగుననియు, పాతవి యింకను రెండు మిగిలియున్నవి గనుక అవి యైపోయిన పిమ్మట చూతమనియు లెక్క చూపెను. ఆమె యొప్పుకొనలేదు.